ప్రయాణంలో నడుము పట్టేస్తే ముందుకు వంగకండి

[దృశ్యం: ఆగి ఉన్న బస్సు. దిగిన ప్రయాణికుడు వెంటనే వంగి కాలివేళ్లు అందుకోబోతాడు. దృశ్యం అక్కడే నిలిచిపోతుంది.]

వ్యాఖ్యాత: గంటల తరబడి కూర్చుని దిగగానే చాలామంది చేసేది ఇదే. నడుము బిగుసుకుంది కదా, కాస్త సాగదీద్దాం అనుకుంటారు. ఆ క్షణానికి హాయిగానే ఉంటుంది. కానీ సీట్లో ఇంతసేపూ నడుము వంగే ఉంది. ఇప్పుడు దానికి కావలసింది అటువైపే ఇంకాస్త సాగడం కాదు, రెండోవైపు కదలిక.

[దృశ్యం: పక్కనుంచి వెన్నెముక బొమ్మ. జారగిలబడగానే నడుము ఒంపు చదునవుతుంది.]

జారి కూర్చున్నప్పుడు కటి ఎముక, అంటే తుంటి ఎముకల గూడు, వెనక్కి దొర్లుతుంది. నడుము దగ్గర లోపలికి ఉండాల్సిన ఒంపు పోయి, వెన్నుపూసల మధ్య మెత్తల్లా ఉండే డిస్కుల వెనక అంచు మీద లాగుడు పెరుగుతుంది. వెన్నుపూసలను పట్టి ఉంచే లిగమెంట్లు ఆ వంపులో 20 నిమిషాలున్నా సాగుతాయి, లేచాక కూడా కొంతసేపు వదులుగానే ఉంటాయి. దిగీదిగగానే సూట్‌కేసు ఎత్తినవాళ్లకు నడుము పట్టేయడం అందుకే. ఇక తొడను పొట్టవైపు లాగే సోయాస్ కండరం మాత్రం ఇంతసేపూ ముడుచుకునే ఉంటుంది, నిలబడగానే నడుమును ముందుకు గుంజుతుంది. అంటే వెనకవైపు సాగిపోయింది, ముందువైపు కురచైంది. ఇప్పుడు చేసే కదలికలన్నీ ఈ రెండింటినీ సరిచేయడానికే.

[దృశ్యం: టవల్‌ను చుట్టి సీట్లో పెడుతున్న చేతులు.]

ముందు సీటు సంగతి. పిరుదులు సీటు వెనక్కంటా ఆనాలి. చిన్న టవల్‌ను 8 నుంచి 10 సెంటీమీటర్ల మందాన చుట్టి, బెల్టు గీతకు కాస్త పైన పెట్టండి. వీపు మధ్యలో పెడితే అది ఛాతీని ముందుకు నెట్టి, మళ్లీ జారిపోయేలా చేస్తుంది. వెనక జేబులో పర్సు ఉంటే తీసేయండి, దానివల్ల కటి ఒక పక్కకు ఒరుగుతుంది. పాదాలు నేలకు అందకపోతే కింద బ్యాగు పెట్టుకోండి.

[దృశ్యం: కూర్చుని చేసే మార్జాలాసనం. ఒక చెయ్యి బొడ్డు కింద, ఇంకోటి నడుము వెనక.]

ఇప్పుడు కూర్చునే చేసే మార్జాలాసనం. వీపు సీటుకు ఆనకుండా కాస్త ముందుకు జరగండి. ఊపిరి పీలుస్తూ కటిని ముందుకు దొర్లించండి, నడుములో ఒంపు వస్తుంది. వదులుతూ వెనక్కి దొర్లించండి, కానీ సగం వరకే. పూర్తిగా గుండ్రం చేస్తే మళ్లీ జారి కూర్చున్నట్టే. 8 సార్లు చాలు, ప్రతి అరగంటకు ఒకసారి. ఎక్కువమంది చేసే పొరపాటు, కటిని కదపకుండా భుజాలు, మెడ మాత్రమే ఆడించడం. ఒక చెయ్యి బొడ్డు కింద, ఇంకోటి నడుము వెనక పెట్టేది అందుకే: వాటి మధ్య కదలిక తెలియకపోతే ఆసనం జరగనట్టే.

బండి నడుపుతున్నవాళ్లు ఇవేవీ చేయకూడదు. కనీసం 2 గంటలకోసారి ఆపి, దిగండి.

సీట్లో కూర్చుని నడుము మెలితిప్పే ఆసనం ఎక్కడ చూసినా కనిపిస్తుంది, ఇక్కడ కావాలనే వదిలేశాం. వంగి ఉన్న నడుమును మెలితిప్పితే డిస్కు మీద రెండు రకాల భారం ఒకేసారి పడుతుంది. ఇరుకు సీట్లో నిటారుగా ఉండి మెలి తిరగడం చెప్పినంత తేలిక కాదు.

[దృశ్యం: వాహనం పక్కన నిలబడ్డ వ్యక్తి, పక్కనుంచి.]

దిగాక ముందు రెండు నిమిషాలు నడవండి. తర్వాత వెనక్కి వంగడం. పాదాలు తుంటి వెడల్పున పెట్టి, అరచేతులు నడుము కింద, పిరుదుల పైభాగాన ఆన్చండి. మోకాళ్లు చాచే ఉంచి, కటిని కొద్దిగా ముందుకు తోస్తూ, ఛాతీని పైకెత్తి వెనక్కి వంగండి. 2 సెకన్లు ఆగి మామూలుగా నిలబడండి. అలా 6 నుంచి 10 సార్లు. ఎక్కువసేపు ఆగే పని లేదు, పదే పదే కదలడమే ముఖ్యం. తల వెనక్కి వేలాడదీయకండి, కళ్లు తిరగొచ్చు. చూపు గోడకూ కప్పుకూ మధ్య ఉంటే చాలు.

[దృశ్యం: ఒక కాలు మెట్టు మీద, రెండోది వెనక. తోక ఎముక దగ్గర బాణం గుర్తు.]

ఒక్కటే చేసే సమయముంటే ఇది చేయండి. కుడి పాదం మెట్టు మీద, ఎడమ కాలు ఒక పెద్ద అడుగు వెనక. గోడనో కమ్మీనో పట్టుకోండి. ముందు తోక ఎముకను కిందికి దించి, ఎడమ పిరుదును బిగించండి. ఆ బిగువు వదలకుండా కుడి మోకాలిని కాస్త ముందుకు వంచండి. ఎడమ గజ్జ దగ్గర లాగినట్టుంటే సరిగ్గా చేస్తున్నట్టే. నడుములో నొక్కినట్టుంటే, తుంటి సాగే బదులు నడుము వంగుతోందన్నమాట. వెనకడుగు చిన్నది చేసి మళ్లీ మొదలుపెట్టండి. 5 నిదానమైన ఊపిరులు, ఆపై రెండో కాలు.

[తెరపై అక్షరాలు: నొప్పి ఎటు వెళ్తోంది?]

చేస్తున్నప్పుడు నొప్పి కాల్లోంచి నడుములోకి వస్తుంటే, నడుములో కాస్త పెరిగినా మంచి లక్షణమే. నడుములోంచి పిక్కలోకి, పాదంలోకి దిగుతుంటే వెంటనే ఆపేయండి. వెన్ను కాలువ, అంటే వెన్నెముకలో నరాలు వెళ్లే దారి, ఇరుకైనవాళ్లకు వెనక్కి వంగితే నొప్పి ఎక్కువవుతుంది. వాళ్లు వెల్లకిలా పడుకుని ఒక్కో మోకాలిని ఛాతీ వైపు తెచ్చుకోవడం మేలు. ఎముకలు గుల్లబారినవాళ్లు ముందుకు గట్టిగా వంగడం, మెలితిప్పడం మానుకోవాలి. గర్భిణులు డాక్టర్‌ను అడిగాకే.

మూత్రం, మలం అదుపు తప్పినా, తొడల మధ్య మొద్దుబారినా, కాలు బలహీనపడినా అది ఆసనాలతో పోయేది కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. దూర ప్రయాణం తర్వాత ఒక పిక్క వాచి నొప్పి పెడితే రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. దాన్ని మర్దన చేయకుండా డాక్టర్‌కు చూపించండి. దానికి ఆయాసమో ఛాతీ నొప్పో తోడైతే ఆలస్యం అసలు వద్దు.

[దృశ్యం: గది నేల మీద దుప్పటి, పక్కన కుర్చీ.]

గదికి చేరాక మంచం మీద కాదు, నేల మీద చేయండి. మెత్తటి పరుపులో నడుము కుంగిపోతుంది. వెల్లకిలా పడుకుని పిక్కలు కుర్చీ మీద పెట్టి, తుంటి, మోకాళ్లు 90 డిగ్రీల్లో ఉంచండి. 5 నుంచి 10 నిమిషాలు. తర్వాత బోర్లా పడుకుని ముంజేతుల మీద ఛాతీ ఎత్తండి, మోచేతులు భుజాల కింద ఉండాలి. 5 ఊపిరులు చాలు.

[దృశ్యం: ఉదయం. మంచం అంచున కూర్చున్న వ్యక్తి.]

నిద్రలో డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి, అందుకే పొద్దున్నే నడుము బిర్రుగా ఉంటుంది. ఆ స్థితిలో వంగితే వాటి మీద భారం మామూలుకన్నా ఎక్కువ. లేచిన మొదటి గంటలో కాలివేళ్లు ముట్టుకోవడం, నేల మీది సూట్‌కేసు సర్దడం పెట్టుకోకండి. సూట్‌కేసును రాత్రే బల్ల మీదికి చేర్చండి. బూట్లు కుర్చీలో కూర్చుని, పాదాన్ని రెండో మోకాలి మీదికి తెచ్చుకుని వేసుకోండి.