తొంభై మందికి వేస్తే తొంభై మందికి పట్టినట్టేనా?

(తట్టు టీకాపై విజయవాడ స్టూడియో చర్చ)

యాంకర్: "మీ పిల్లలకి వేయించుకున్నారుగా, మావాణ్ని వదిలేస్తే మీకేం నష్టం?" అంటున్నారు కొందరు. ఏమంటారు డాక్టర్ గారూ?

పిల్లల డాక్టర్: నష్టం తొమ్మిది నెలలు నిండని పసిబిడ్డకండీ. తల్లి నుంచి వచ్చిన రక్షణ టీకాను సరిగా పట్టనివ్వదు, అందుకే అప్పటిదాకా ఎంఆర్ (తట్టు-రుబెల్లా టీకా) వెయ్యం. ఈలోపు చుట్టూ ఉన్నవాళ్లే ఆ బిడ్డకి కాపలా. ఎవరికీ రక్షణ లేనిచోట తట్టు ఒకరి నుంచి 12 నుంచి 18 మందికి అంటుకుంటుంది. నూటికి 95 మందికి రక్షణ ఉండాలనేది అందుకే. ధనుర్వాతానికి ఈ లెక్క పనికిరాదు. అది మట్టిలోంచి వస్తుంది, ఎవరి టీకా వాళ్లకే.

యాంకర్: ఒక వార్డులో 90 శాతం వేశారనుకుందాం. చాలదా?

డాక్టర్: తొమ్మిదో నెల డోసు నూటికి సుమారు 85 మందికే పడుతుంది. అంటే మీ 90లో 76 మందికే. మిగిలినవాళ్ల కోసమే 16-24 నెలల మధ్య రెండో డోసు. పైగా వేయించుకోనివాళ్లు ఊరంతా చెదిరి ఉండరు. ఇటుక బట్టీలకి వలసొచ్చిన కుటుంబాల్లాగా ఒకేచోట ఉంటారు. జిల్లా సగటులో వాళ్లు కనపడరు.

యాంకర్: తల్లులు రావట్లేదా, మనమే పంపేస్తున్నామా?

ఏఎన్ఎం (టీకాలు వేసే నర్సు): రెండూ ఉన్నాయండీ. ఎంఆర్ పొడి మందు. ద్రవం కలిపాక నాలుగు గంటలే, కలిపిన టైము సీసా మీద రాయాలి. పెంటావాలెంట్ (అయిదు జబ్బులకి ఒకటే టీకా) అయితే మిగిలింది దాచి మళ్లీ వాడొచ్చు, దీన్ని వాడకూడదు, క్రిములు పెరుగుతాయి. దాంతో కొందరు ఒక్క బిడ్డకి సీసా తెరవడమెందుకని "వచ్చే బుధవారం రామ్మా" అంటారు. కూలి మానుకుని ఆమె మళ్లీ వస్తుందా? ఒక్క బిడ్డకైనా తెరవాలనే రూలుంది.

డాక్టర్: వృథా ఎంతని నిలదీసే పైవాళ్లు కూడా ఆ రూలు చదివితే బాగుంటుంది.

యాంకర్: బెజవాడ ఎండలకి మందు పాడవదా?

ఏఎన్ఎం: వేడి తగిలితే సీసా మీది గుర్తే చెబుతుందండీ. లోపలి చతురస్రం చుట్టూ ఉన్న వలయం రంగుకి వచ్చిందా, పారేయడమే. గడ్డకడితే మాత్రం ఆ గుర్తుకి తెలీదు. ఫ్రీజర్‌లోంచి తీసిన నాలుగు ఐస్‌ప్యాకులు అలాగే టీకాలు మోసే క్యారియర్‌లో పెడితే పెంటావాలెంట్ గడ్డకట్టి చెడిపోతుంది. ప్యాకుకి చెమట పట్టాలి, ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినపడాలి. అప్పుడు పెట్టాలి నాలుగూ.

యాంకర్: టీకాకి జ్వరం వస్తుందని భయం...

డాక్టర్: పెంటావాలెంట్‌కి ఒకటి రెండు రోజుల్లో, ఎంఆర్‌కి వారం పది రోజులకి రావచ్చు. ముందే చెబితే తల్లి కంగారుపడదు. జలుబు చేసిందని వాయిదా వెయ్యక్కర్లేదు. తప్పిపోయిన ఎంఆర్ అయిదేళ్లలోపు వేయించుకోవచ్చు, రెండింటి మధ్య కనీసం నెల ఎడం ఉంటే చాలు.

ఏఎన్ఎం: కార్డు పోయినా సరే, రమ్మనండి.