కూల్‌డ్రింక్ తాగితే యూరిక్ యాసిడ్ ఎందుకు పెరుగుతుంది?

[తెరపై: ల్యాబ్ రిపోర్టు. యూరిక్ యాసిడ్ 8.2 దగ్గర ఎర్ర గీత]

రిపోర్టులో యూరిక్ యాసిడ్ ఎక్కువని రాగానే మన ఇళ్లలో మటన్‌తో పాటు పప్పు మీద కూడా వేటు పడుతుంది. ఫ్రిజ్‌లో ఉన్న కూల్‌డ్రింక్ జోలికి మాత్రం ఎవరూ పోరు. ప్యూరిన్ల కథ తెలిస్తే ముందు పక్కన పెట్టేది ఆ సీసానే.

[తెరపై: అతుక్కున్న రెండు రింగులు]

ప్యూరిన్ అంటే ఇదే. ఆరు మూలల రింగు, దానికి అతుక్కుని ఐదు మూలల రింగు. అయిదు కార్బన్లు, నాలుగు నైట్రోజన్లు. డీఎన్‌ఏ అక్షరాల్లో ఏ, జీ ప్యూరిన్లే: అడెనిన్, గ్వానిన్. అడెనిన్‌కి ఒక చక్కెర, మూడు ఫాస్ఫేట్లు తగిలితే ఏటీపీ, అంటే మన కణాలకి శక్తినిచ్చే అణువు. మీరు ఇప్పుడు కన్ను ఆర్పినా ఖర్చయ్యేది అదే. 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, అటు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే, భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు దీన్ని విడివిడిగా కనుగొన్నారు. స్కూల్లో ఏటీపీ పాఠం చెప్పేటప్పుడు సుబ్బారావు గారి పేరు కూడా చెప్పాలని నాకు గట్టిగా ఉంది.

[తెరపై: చక్కెర రెండుగా విడిపోవడం]

ఇప్పుడు కూల్‌డ్రింక్‌కి వద్దాం. చక్కెరలో సగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజ్. ఫ్రక్టోజ్ కాలేయంలోకి చేరగానే ఒక్కో అణువుకీ ఒక ఫాస్ఫేట్ తగిలించాలి. ఇచ్చేది ఏటీపీయే. గ్లూకోజ్ వాడకానికి కాలేయంలో అదుపు ఉంటుంది, ఫ్రక్టోజ్‌కి అది దాదాపు లేదు. ఒక్కసారిగా ఎక్కువ వచ్చిపడితే ఏటీపీ కరిగిపోయి, ఒకే ఫాస్ఫేట్ మిగిలిన ఏఎంపీ పేరుకుంటుంది. ఫాస్ఫేట్ తగ్గిపోవడంతో, ఏఎంపీని విరగ్గొట్టే ఎంజైమ్ మీద ఉన్న పట్టు సడలుతుంది. ఆ విరిగిన ప్యూరిన్ హైపోజాంథిన్ అయి, జాంథిన్ అయి, చివరికి యూరిక్ యాసిడ్ అవుతుంది.

అంటే తాగినదాంట్లో ప్యూరిన్ లేకపోయినా, మన ఒంట్లో ఉన్న ప్యూరిన్లే యూరిక్ యాసిడ్‌గా మారాయన్నమాట. కోలాలో కెఫీన్ ఉంటుంది, అదీ ప్యూరిన్ల కుటుంబమే. కానీ అది యూరిక్ యాసిడ్‌గా మారదు, కాబట్టి కాఫీ గురించి టెన్షన్ వద్దు.

కుక్క, ఆవు లాంటి చాలా జంతువుల్లో యూరికేజ్ అనే ఎంజైమ్ యూరిక్ యాసిడ్‌ని కూడా విరగ్గొట్టి, తేలిగ్గా కరిగే పదార్థంగా మారుస్తుంది. మన పూర్వీకుల్లోనే ఆ జన్యువు పాడైపోయింది. మనం దాన్ని కిడ్నీల ద్వారా, కొంత పేగుల ద్వారా బయటికి పంపాల్సిందే.

[తెరపై: కాలి బొటనవేలు, సూదుల్లాంటి స్ఫటికాలు]

రక్తంలో డెసీలీటరుకు సుమారు 6.8 మిల్లీగ్రాములు దాటితే అది పూర్తిగా కరిగి ఉండలేదు. చల్లగా ఉండే చోట ఇంకా తొందరగా స్ఫటికాలుగా గడ్డకడుతుంది. ఆ స్ఫటికాల వల్ల వచ్చే కీళ్ల జబ్బే గౌట్. గౌట్ నొప్పి ఎక్కువగా కాలి బొటనవేలి కీలు దగ్గర మొదలవడానికి అదొక కారణం. నిద్రలో ఉన్న మనిషి దుప్పటి తగిలినా అరిచేంత నొప్పి అది.

మరి పప్పు? యూరిక్ యాసిడ్‌లో సుమారు మూడింట రెండు వంతులు మన శరీరం తయారుచేసుకున్న ప్యూరిన్ల నుంచే వస్తుంది. తిండి వాటాలో కూడా మాంసం, చేపలు, బీరు గౌట్ ముప్పు పెంచుతాయని పెద్ద అధ్యయనాల్లో తేలింది. పప్పులు, పాలకూర లాంటివి పెంచినట్టు కనబడలేదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ల లెక్క వేరు, వాళ్లు డాక్టర్ని అడిగే తినాలి.

[తెరపై: రెండు అణువులు పక్కపక్కన]

యూరిక్ యాసిడ్ తగ్గడానికి డాక్టర్లు రాసే అల్లోప్యూరినాల్ చూడండి. హైపోజాంథిన్‌లో ఒక కార్బన్, ఒక నైట్రోజన్ చోట్లు మారాయి, అంతే తేడా. హైపోజాంథిన్‌ని యూరిక్ యాసిడ్‌గా మార్చే ఎంజైమ్ దీన్ని పట్టుకుని ఇరుక్కుపోతుంది, యూరిక్ యాసిడ్ తయారీ తగ్గుతుంది. ఈ మందు వెనుక ఉన్న గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్‌కి 1988లో నోబెల్ పంచుకునే గౌరవం దక్కింది. గౌట్ ఉన్నవాళ్లు నొప్పి తగ్గింది కదా అని సొంతంగా దీన్ని ఆపకూడదు. నొప్పి లేని రోజుల్లో కూడా పాత స్ఫటికాలు కీలులోనే ఉంటాయి, అవి కరగడానికి నెలలు పడుతుంది.