పెట్టె తెరవకుండానే దొంగ సరుకును ఎలా పసిగడతారు?

[తెరపై: అరచేతిలో వేలెడు పొడవున్న ఉక్కు బోల్టు. దాని మీద చెక్కిన నంబరు.]

ఇది బోల్ట్ సీల్. ఒక వైపు మేకులాంటి ఉక్కు కడ్డీ, ఇంకో వైపు దాన్ని పట్టేసుకునే బుడిపె. రెండింటినీ కలిపి నొక్కితే టక్‌మని బిగుసుకుపోతుంది. మళ్లీ చేత్తో లాగితే రాదు, పెద్ద కట్టర్ పెట్టి కోయాల్సిందే. సరుకు నింపిన కంటైనర్ తలుపులు మూశాక ఆఖరున వేసేది దీన్నే. దీని మీదున్న నంబరును కాగితాల్లో రాస్తారు.

చూడ్డానికి తాళంలా ఉంటుంది కానీ దీని పని వేరు. కట్టర్ చేతిలో ఉన్నవాణ్ని ఇది ఒక నిమిషం కూడా ఆపలేదు. ఎవరో వచ్చి తలుపు తీశారన్న సంగతి మాత్రం చెబుతుంది. ఈ చిన్న విషయం గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

[తెరపై: రేవు పైనుంచి డ్రోన్ దృశ్యం. రంగురంగుల పెట్టెలు, గుట్టలు గుట్టలుగా.]

ప్రపంచంలో దేశాల మధ్య తిరిగే సరుకులో, పరిమాణం లెక్కన, 80 శాతానికి పైగా సముద్రం మీదే వెళ్తుంది. ఇప్పటి అతి పెద్ద కంటైనర్ ఓడ ఒక్కటే 20 అడుగుల పెట్టెలు 24 వేలకు పైగా మోయగలదు. ఒక్క పెట్టెను ఖాళీ చేసి, సరుకంతా విప్పి చూసి, మళ్లీ ఉన్నది ఉన్నట్టు సర్దాలంటే గంటలు పడుతుంది. ఇక 24 వేల పెట్టెల సంగతి మీరే ఊహించుకోండి. అందుకే ప్రపంచం మొత్తం మీద నిజంగా తెరిచి చూసే కంటైనర్లు 2 శాతం లోపేనని ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల, నేరాల విభాగం చెబుతూ వస్తోంది.

"మరి అన్నింటినీ స్కాన్ చేయొచ్చుగా?" అని అడుగుతారు. అమెరికా కూడా అదే అనుకుంది. తమ దేశానికి వచ్చే ప్రతి కంటైనర్‌నూ విదేశీ రేవులోనే స్కాన్ చేయాలని 2007లో చట్టం చేసి, 2012ని గడువుగా పెట్టింది. గడువు వచ్చింది, వాయిదా పడింది, మళ్లీ వాయిదా పడింది. ఇప్పటికీ అమలు కాలేదు. స్కానర్లు కొనడం అంత కష్టం కాదు. ఆ బొమ్మలన్నీ చూసేదెవరు? అనుమానం వచ్చిన పెట్టెల్ని పక్కన పెట్టడానికి చోటెక్కడ? ఆలోగా వెనకున్న పళ్ల కంటైనర్ కుళ్లిపోతే నష్టం ఎవరిది? అన్నింటినీ చూడాలన్న కోరికే తప్పుదారి అని నా అభిప్రాయం. చూడాల్సిన ఆ 2 శాతం ఏవో తేల్చుకోవడంలోనే పనితనమంతా ఉంది.

[తెరపై: కంప్యూటర్ ముందు ఒక అధికారి. వరసలు వరసలుగా మేనిఫెస్ట్ వివరాలు.]

అది తేలేది రేవులో కాదు, ఇలాంటి గదిలో. పెట్టె ఇంకా ఓడ ఎక్కకముందే కాగితం ఇక్కడికి వచ్చేస్తుంది. అమెరికా 2002లో తెచ్చిన నిబంధన ప్రకారం విదేశీ రేవులో సరుకు ఓడెక్కడానికి 24 గంటల ముందే మేనిఫెస్ట్, అంటే ఓడ సరుకుల జాబితా వివరాలు పంపాలి. 2005లో ప్రపంచ కస్టమ్స్ సంస్థ తెచ్చిన సేఫ్ ఫ్రేమ్‌వర్క్ అనే భద్రతా ప్రమాణాలతో ముందస్తు సమాచారం అనే పద్ధతి చాలా దేశాలకు పాకింది. సరుకు ఏమిటి, ఎవరు పంపుతున్నారు, ఎవరికి, బరువెంత, విలువెంత, ఏ దారిలో వస్తోంది అన్నవన్నీ అందులో ఉంటాయి. కంప్యూటర్ వీటికి రిస్క్ స్కోర్ వేస్తుంది. ఆ తర్వాత మనిషి చూస్తాడు.

ఏం చూస్తాడు? ఒక ఉదాహరణ నేనే అల్లి చెబుతాను. మొన్నటిదాకా బట్టల వ్యాపారం చేసిన ఒక చిన్న కంపెనీ, ఉన్నట్టుండి రాళ్లు దిగుమతి చేసుకుంటోంది. ఆ రాయి దగ్గర్లోనే ఇంకా చవగ్గా దొరుకుతుంది. మూడు దేశాలు చుట్టి తెచ్చుకుంటే రాయి ధర కన్నా రవాణా ఖర్చే ఎక్కువ. పైగా ఓడ బయల్దేరాక సరుకు అందుకునేవాడి పేరు మారింది. వీటిలో ఏ ఒక్కటీ నేరం కాదు. వ్యాపారం మార్చుకోవడం తప్పు కాదు, నష్టానికి కొనుక్కోవడమూ తప్పు కాదు. కానీ అన్నీ ఒకేచోట కలిస్తే ఆ అధికారి కుర్చీలో కాస్త ముందుకు జరుగుతాడు. లాభం లేని వ్యాపారం ఎవరూ ఊరికే చేయరని అతనికి తెలుసు.

[తెరపై: పటం. బందర్ అబ్బాస్ నుంచి ముంద్రా దాకా గీత.]

రాళ్ల ఉదాహరణ ఊరికే తీసుకోలేదు. 2021 సెప్టెంబరులో గుజరాత్‌లోని ముంద్రా రేవులో రెండు కంటైనర్లను కేంద్ర రెవెన్యూ నిఘా సంస్థ డీఆర్‌ఐ తెరిచింది. కాగితాల్లో ఉన్నది అఫ్ఘానిస్థాన్ నుంచి వచ్చిన టాల్క్ రాయి. ఇరాన్‌లోని బందర్ అబ్బాస్‌లో ఓడెక్కింది. పెద్ద పెద్ద సంచుల్లో పైన రాయి, అడుగున హెరాయిన్. మొత్తం 2,988 కిలోలు. సంచి మూతి విప్పి పైపైన చూసి వదిలేసి ఉంటే రాయే కనిపించేది. డీఆర్‌ఐకి ముందే సమాచారం ఉంది కాబట్టి అడుగుదాకా వెళ్లారు.

ఈ సమాచారం చాలాసార్లు పక్క దేశం నుంచే వస్తుంది. 2019 జులైలో సింగపూర్‌లో మూడు కంటైనర్లు పట్టుకున్నారు. కాంగో నుంచి వియత్నాం వెళ్తున్న కలప అని కాగితం. లోపల 8.8 టన్నుల ఏనుగు దంతాలు, 11.9 టన్నుల పంగోలిన్ (అలుగు) పొలుసులు. దాదాపు 300 ఏనుగులు చచ్చిపోతే తప్ప అంత దంతం పోగవదని అక్కడి వన్యప్రాణి అధికారులు లెక్కగట్టారు. ఆ కబురు అందించింది చైనా కస్టమ్స్. ఆ సరుకు సింగపూర్‌లో దిగాల్సింది కాదు, అక్కడ ఓడ మారాల్సింది మాత్రమే. ఇలా మధ్యలో ఓడ మారడాన్ని ట్రాన్స్‌షిప్‌మెంట్ అంటారు. దొంగ సరుకు దీన్ని ఇష్టపడటానికి కారణం తేలికే. మధ్యలో ఉన్న దేశానికి ఆ పెట్టె మీద సుంకం రాదు, దాని మీద అంత శ్రద్ధా ఉండదు. ఇక మూడు రేవులు మారేసరికి పెట్టె మొదట ఎక్కడ బయల్దేరిందో చివరివాడికి సరిగా కనిపించదు.

[తెరపై: ఖాళీ కంటైనర్ లోపల. అధికారి చేతిలో లేజర్ కొలత పరికరం.]

సరే, అనుమానం వచ్చింది. ముందు స్కానర్. ఒకే రకం అట్టపెట్టెలు వరసగా పేర్చి ఉంటే ఎక్స్‌రే బొమ్మ గళ్ల దుప్పటిలా ఉంటుంది. ఆ గళ్లలో ఒకచోట తేడాగా నల్లటి ముద్ద కనిపిస్తే ఆగుతారు.

తర్వాత చేత్తో చేసే పని. ఇది నాకు భలే నచ్చుతుంది, ఎందుకంటే ఇందులో టెక్నాలజీ దాదాపు ఏమీ లేదు. 20 అడుగుల మామూలు కంటైనర్ లోపలి పొడవు సుమారు 5.9 మీటర్లు. తలుపు దగ్గర నిలబడి ఎదురు గోడకు లేజర్ కొడతారు. 5.5 వచ్చిందనుకోండి. మిగతా 40 సెంటీమీటర్లు ఏమైనట్టు? ఆ గోడ వెనక ఇంకో గోడ ఉంది. పక్క గోడల మీద సుత్తితో తట్టి చప్పుడు వింటారు. నేల చెక్కల్లో ఒకటి కొత్తగా ఉందా, మేకులు మెరుస్తున్నాయా, లోపల ఎక్కడైనా తాజా పెయింట్ వాసన వస్తోందా అని చూస్తారు. ఏళ్ల తరబడి ఉప్పుగాలి తిన్న పెట్టెలో ఒక్క మూల మాత్రం కొత్తగా ఉంటే, అక్కడ ఎవరో పని చేసినట్టే.

[తెరపై: అరటి పళ్ల అట్టపెట్టెలు. తలుపు పక్కనే నాలుగు నల్ల సంచులు.]

ఇంతవరకూ దొంగ కాగితాలు పుట్టించినవాడి కథ. కస్టమ్స్ కాగితాలు చదవడం నేర్చుకుంది కదా, మరి అవతలివాడు ఊరుకుంటాడా? ఇరవై ఏళ్లుగా పళ్లు పంపుతున్న నిజాయతీ గల కంపెనీ కంటైనర్‌ను ఎంచుకున్నాడు. కాగితం నిజం, సరుకు నిజం, రిస్క్ స్కోర్ సున్నా. రేవులో పనిచేసేవాళ్లలో ఎవరినో పట్టుకుని, తలుపు తీయించి, సంచులు తోసి, కొత్త సీల్ వేయిస్తాడు. అవతలి రేవులో అసలు యజమాని కన్నా ముందు ఇంకొకడు వచ్చి సంచులు ఎత్తుకుపోతాడు. పంపినవాడికీ తెలియదు, కొన్నవాడికీ తెలియదు. దీన్ని రిప్-ఆన్ రిప్-ఆఫ్ అంటారు.

అవతల ఎత్తుకుపోయాక మళ్లీ సీల్ కావాలి కదా. కాబట్టి మాదకద్రవ్యాల సంచి పక్కనే, అదే నంబరు కొట్టిన దొంగ సీల్ కూడా దొరుకుతుంటుంది. వాడి ముందుజాగ్రత్తే వాడి పద్ధతిని బయటపెట్టేస్తుంది.

నడిసముద్రంలోనూ ఇది జరిగింది. 2019 జూన్‌లో ఎంఎస్‌సీ గయానే అనే కంటైనర్ ఓడ మీద అమెరికాలోని ఫిలడెల్ఫియాలో సోదా చేస్తే సుమారు 18 టన్నుల కొకైన్ దొరికింది. దక్షిణ అమెరికా తీరం దగ్గర రాత్రివేళ చిన్న పడవలు వచ్చి ఆనుకుంటే, సిబ్బందిలో కొందరు ఓడ క్రేన్‌తోనే మూటలు పైకి లాగారు. కంటైనర్లు తెరిచి లోపల దాచి, దొంగ సీళ్లు బిగించారు. ఓడలో ఎక్కినప్పుడు ఆ పెట్టెలన్నీ శుభ్రంగానే ఉన్నాయి మరి. బయల్దేరే రేవులో ఎన్ని స్కానర్లు పెట్టినా ఆ సరుకు కనిపించేది కాదు.

ఇప్పుడు మళ్లీ మన బోల్ట్ దగ్గరికి వద్దాం.

[తెరపై: కంటైనర్ తలుపు. చేతి తొడుగు వేసుకున్న చెయ్యి సీల్‌ను పట్టుకుని తిప్పుతోంది.]

సీల్ ఉందా అని చూస్తే చాలదు. కళ్లతో చూడాలి, నంబరును కాగితంతో సరిపోల్చాలి, గట్టిగా లాగాలి, మెలితిప్పి చూడాలి. కోసి జిగురుతో అతికించిన సీల్ లాగితే ఊడుతుంది, మర పెట్టినది తిప్పితే విడిపోతుంది. ఒక్కోసారి సీల్‌ను ముట్టుకోనే ముట్టుకోరు, తలుపు గడియ రివెట్లు తీసి మళ్లీ కొడతారు. అందుకే సీల్‌తో పాటు రివెట్లూ చూడాలి. రెండు నిమిషాల పని. సరుకు చేతులు మారిన ప్రతిచోటా ఇది చేసి, సమయం రాసిపెట్టుకుంటే, సీల్ ఎక్కడ మారిందో తేలిపోతుంది. ఎక్కడ మారిందో తెలిస్తే ఆ షిఫ్టులో ఎవరున్నారో తెలుస్తుంది. నన్నడిగితే కోట్లు పోసి కొన్న స్కానర్ కన్నా ఈ రెండు నిమిషాల మీదే నాకు నమ్మకం ఎక్కువ. ఎండలో, వందో లారీ దగ్గర, డ్రైవర్ హారన్ కొడుతుంటే ఎంతమంది నిజంగా తిప్పి చూస్తారన్నది వేరే సంగతి.

లారీల విషయంలో ఒక ఒప్పందం మొత్తం ఈ సీల్ మీదే నిలబడింది. 1975 టీఐఆర్ (అంతర్జాతీయ రోడ్డు రవాణా) ఒప్పందం ప్రకారం బయల్దేరినచోట కస్టమ్స్ సీల్ వేస్తుంది, మధ్యలో ఎన్ని సరిహద్దులు దాటినా మామూలుగా సరుకు విప్పరు, సీల్ చూసి పంపేస్తారు. ఆనవాలు మిగలకుండా సరుకు తీయడానికి వీల్లేని విధంగా ఆ లారీ పెట్టె కూడా కట్టి ఉండాలి.

[తెరపై: రాత్రి యార్డు. కంచె అవతల టార్చ్ వెలుగు.]

పెట్టె దిగాక ఇంకో అంకం ఉంది. యాంట్వెర్ప్ రేవులో 2023లో బెల్జియం కస్టమ్స్ 116 టన్నుల కొకైన్ పట్టుకుంది. అంత పెద్ద యార్డులో తమ పెట్టె ఎక్కడుందో ముఠాలకు ఎలా తెలుస్తుంది? 2013లో బయటపడిన కేసులో, అదే రేవులోని కంపెనీల కంప్యూటర్లను హ్యాక్ చేసి పెట్టె ఎక్కడుందో, ఎప్పుడు వస్తుందో తెలుసుకున్నారు. అసలు యజమాని లారీ కన్నా ముందే తమ లారీని పంపించారు. ఇప్పుడు అంత కష్టం కూడా అక్కర్లేదు. కంటైనర్ విడుదల చేయడానికి ఒక పిన్ నంబరు ఉంటుంది, అది తెలిసిన ఉద్యోగికి లంచం ఇస్తే చాలు. ఈ పిన్ మోసం గురించి యూరప్ దేశాల ఉమ్మడి పోలీసు సంస్థ యూరోపోల్ 2023లో నివేదికే ఇచ్చింది.

నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ రేవులో సంచులు ఎత్తుకురావడానికి కుర్రాళ్లను పెడతారు. వాళ్లకు డచ్ భాషలో ఒక పేరే ఉంది, ఉయిట్‌హాలర్స్, అంటే బయటికి లాగేవాళ్లు. కొందరు ఖాళీ కంటైనర్‌లో నీళ్లు, తిండి, పరుపు పెట్టుకుని రోజుల తరబడి కాచుకుని ఉంటారు. 2021లో అలా దాక్కున్న తొమ్మిది మంది బయటికి రాలేక చివరికి ఎమర్జెన్సీ నంబరుకు వాళ్లే ఫోన్ చేసుకున్నారు. తెప్పించినవాడు మాత్రం ఎక్కడో హాయిగా ఉంటాడు.

అందుకే కొన్నిసార్లు దొరికిన సరుకును కూడా స్వాధీనం చేసుకున్నట్టు ప్రకటించరు. మాదకద్రవ్యాల అక్రమ రవాణాపై 1988 ఐక్యరాజ్యసమితి ఒప్పందంలోని 11వ అధికరణం దీనికి దారి ఇచ్చింది. నిఘాలో ఉంచి సాగనివ్వడం, అంటే కంట్రోల్డ్ డెలివరీ. సంచుల్లోని సరుకును తీసేసి బదులుగా ఇంకేదో నింపుతారు, లేదా కొంచెం మాత్రమే ఉంచుతారు. పళ్ల పెట్టెలు ఏ వరసలో ఉన్నాయో ఫోటో చూసి మళ్లీ అదే వరసలో పేర్చాలి, లేకపోతే అవతలివాడు పసిగడతాడు. తలుపు మూస్తారు. ఇప్పుడు సీల్ కావాలి. ఈసారి దొంగ సీల్ వేసేది కస్టమ్స్.

[తెరపై: రేవు గేటు. కంటైనర్ లారీ బయటికి వస్తుంది. కొంత దూరంలో, గుర్తులేమీ లేని ఒక కారు లైట్లు వెలుగుతాయి.]