మోకాళ్ల డాక్టరు, భుజాల డాక్టరు

పెద్దలందరికీ నమస్కారం. నేను డాక్టర్ని కాను. అమ్మకు రివర్స్ షోల్డర్ రీప్లేస్‌మెంట్, అంటే భుజం కీలు మార్చే ఒక ఆపరేషన్, చేయించిన కూతుర్ని. సర్జన్‌ని వెతుక్కుంటూ మేం తిరిగిన మూడు నెలల గురించి చెప్పమంటే వచ్చాను.

అమ్మకు 74 ఏళ్లు. ఎడమ చెయ్యి భుజం ఎత్తుకు కూడా లేచేది కాదు. జడ వేసుకోవాలంటే కుడి చేత్తో ఎడమ మోచేతిని ఎత్తి గోడకు ఆనించుకునేది. అది జారిపోయేది. మళ్లీ ఎత్తుకునేది.

మేం మొదట కలిసిన డాక్టరుగారికి మోకాళ్ల ఆపరేషన్లలో మంచి పేరుంది. ఎంఆర్ఐ ఫిల్ము చూసి వచ్చే వారమే చేసేద్దామన్నారు. అమ్మ భుజం మీద చెయ్యి వెయ్యలేదు. ఇలాంటి భుజాలు ఎన్ని చేశారండీ అని అడిగితే, కీళ్లు చాలానే మార్చానమ్మా అన్నారు. నేనడిగింది భుజాల లెక్క. అది రాలేదు.

ఆ లెక్క ఎందుకు కావాలో చెబుతాను. భుజంలో చేతి ఎముక పైకొన బంతిలా ఉంటుంది, రెక్క ఎముక వైపు లోతు లేని గుంట ఉంటుంది. ఈ ఆపరేషన్‌లో దాన్ని తిరగేస్తారు. బంతిని రెక్క ఎముకకు బిగించి, గిన్నెను చేతి ఎముకలో కూర్చోబెడతారు. బంతిని గుంటలో పట్టి ఉంచే రొటేటర్ కఫ్ కండరాలు కుట్టడానికి వీల్లేనంతగా పాడైపోతే, భుజం మీద గుండ్రంగా కనిపించే డెల్టాయిడ్ కండరమే చేతిని లేపాలి. ఫ్రాన్స్‌లో పాల్ గ్రామోన్ అనే సర్జన్ 1985లో ఈ పద్ధతికి దారి వేశారు. అమెరికాలో దీనికి అనుమతి వచ్చింది 2003లో. మన దగ్గర మోకాళ్లు మార్చేవాళ్లు ఊరికొకరు దొరుకుతారు, ఇది తరచూ చేసేవాళ్లు తక్కువ.

రెండో డాక్టరుగారు అమ్మను కూర్చోబెట్టి, భుజం మీద వేళ్లు ఆనించి, మోచేతిని తన అరచేతికేసి బయటికి నెట్టమన్నారు. "ఇక్కడ చూడండి" అని నా వేళ్లు కూడా అక్కడ పెట్టించారు. చర్మం కింద కండరం బిగుసుకోవడం తెలిసింది. అది డెల్టాయిడ్. అది గానీ, దాని నరం గానీ పనిచెయ్యకపోతే ఈ కీలు పెట్టి లాభం లేదన్నారు. స్క్రూలు పట్టేంత ఎముక మిగిలిందో లేదో చూడాలని సీటీ స్కాన్ రాశారు.

తర్వాత అమ్మనే అడిగారు, "బాత్రూంలో కడుక్కునేది ఈ చేత్తోనే కదమ్మా?" అమ్మ తల దించుకుని అవునంది. చెయ్యి పైకి లేస్తుందిగానీ వీపు వెనక్కి వెళ్లడం కొందరికి కష్టమవుతుందని, ఇప్పట్నుంచే కుడి చెయ్యి అలవాటు చేసుకోమని చెప్పారు. నాకు నమ్మకం కుదిరింది అక్కడే. చెయ్యి లేస్తుందని ఎవరైనా అంటారు. ఏ పని రాదో చెప్పాలంటే, ఆపరేషనయిన ఏడాదికి కూడా ఆ పేషెంట్లను చూస్తూ ఉండాలి.

మిగతావన్నీ ఆయన్నే అడిగాను. ఏడాదికి ఎన్ని చేస్తారు? కీలు జారడం, ఇన్ఫెక్షన్, భుజం కొన ఎముక విరగడం మీ పేషెంట్లలో ఎందరికి జరిగాయి? మళ్లీ తెరవాల్సి వస్తే మీరే చేస్తారా? ఫిజియో ఎవరు చేయిస్తారు? డాక్టర్ని ఇలా అడగొచ్చా అని టెన్షన్ పడకండి. ఆయనేమీ చిన్నబుచ్చుకోలేదు, కీలు జారిన ఒక పేషెంటు సంగతి తనంతట తనే చెప్పారు.

పడి భుజం ఎముక ముక్కలై ఈ ఆపరేషన్ అవసరమైతే మాలాగా నెలల తరబడి తిరిగే టైం ఉండదు. అప్పుడు కూడా ఎన్ని చేశారని అడగడానికి ఒక నిమిషం చాలు.

ఆపరేషనయి ఎనిమిది నెలలు. అమ్మ జడ తనే వేసుకుంటోంది. వీపు రుద్దడానికి నన్ను పిలుస్తుంది. నా ప్రశ్నల కాగితం జిరాక్సులు వెనక టేబుల్ మీద పెట్టాను. కింద ఖాళీ వదిలాను. రోజూ ఏ చేత్తో ఏ పని చేసుకుంటారో అక్కడ రాసుకుని, ఆ కాగితం డాక్టరుగారికి చూపించండి.