హద్దు దాటిన వేరు: బాధ్యత ఎవరిది?

అందరికీ నమస్కారం.

పక్కింటి చెట్టు వేర్లు పాకి మన గోడ బీటలు వారితే ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? ఈ ఒక్క ప్రశ్న గురించే మాట్లాడమని నన్ను పిలిచారు. ప్రశ్న చిన్నదే కానీ, ఏళ్ల తరబడి కలిసిమెలిసి ఉన్న రెండు ఇళ్లు దీని వల్ల ముఖాలు చూసుకోకుండా పోవడం నేను కోర్టు వరండాల్లో చాలాసార్లు చూశాను.

చట్టం కంటే ముందు నేల కింద ఏం జరుగుతుందో తెలియాలి. చెట్టు ఎంత ఎత్తుంటే వేరు అంత లోతుకు దిగుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి వేర్లు చాలావరకు పైమట్టిలోనే, మీటరు లోతు లోపలే ఉంటాయి. అడ్డంగా మాత్రం కొమ్మల నీడ దాటి చాలా దూరం పోతాయి. గట్టిగా ఉన్న పైపును వేరు పగలగొట్టడం అరుదు. అతుకు దగ్గర చెమ్మ ఊరుతుంటే ఆ సందులోంచి వెంట్రుకంత వేరు దూరి, లోపలి నీళ్లతో పెరిగి పైపును పూడ్చేస్తుంది. పునాది సంగతి ఇంకోలా ఉంటుంది. బంకమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. వానలు లేని రోజుల్లో చెట్టు ఆ మట్టిలోని నీటిని లాగేస్తే పునాది ఒక మూల కుంగి, గోడకు ఏటవాలుగా బీట పడుతుంది. అంటే వేరు గోడను తాకకపోయినా గోడ పగలొచ్చు.

అందుకే, పక్కన చెట్టుంది కాబట్టి చెట్టే కారణం అంటే కోర్టు ఒప్పుకోదు. నిరూపించాల్సింది పరిహారం అడిగేవారే. పునాది పక్కన తవ్విన గుంటలో దొరికిన వేరు, మట్టి పరీక్ష, నెలనెలా కొలిచి రాసుకున్న బీట వెడల్పు, ఇవీ పనికొచ్చే సాక్ష్యాలు.

ఇక చట్టం. దీని మీద ప్రపంచమంతా ఒకే మాట లేదు. అమెరికాలో మసాచుసెట్స్ కోర్టు ముందుకు 1931లో ఒక కేసు వచ్చింది. పక్కవారి చెట్టు వేర్లు డ్రైనేజీ పైపుల్లో నిండిపోయాయి, ఇంటి కింది గది సిమెంటును పగలగొట్టాయి. మీ స్థలంలోకి వచ్చిన వేర్లను మీరే నరుక్కోండి, చెట్టు యజమాని మీద దావా కుదరదు అంది కోర్టు. 1981లో ఒక మర్రిచెట్టు కేసులో హవాయి కోర్టు దీనికి ఒప్పుకోలేదు. ఆకులు రాలడం, నీడ పడడం లాంటివి సర్దుకోవాలి కానీ, నిజమైన నష్టం జరిగినా, జరగబోతున్నా యజమాని బాధ్యత వహించాలి అంది. వర్జీనియా కోర్టు 2007లో తన పాత పద్ధతి వదిలేసి హవాయి దారి పట్టింది.

నాకు న్యాయం అనిపించేది ఈ రెండోదే. నష్టపోయినవాడి చేతిలో ఉండేది తనవైపు ఉన్న వేరు మాత్రమే. చెట్టు మొత్తం చేతిలో ఉన్నది యజమానికే కదా!

ఫ్రాన్స్‌లో, జపాన్‌లో కొమ్మకు ఒక నియమం, వేరుకు ఒక నియమం ఉన్నాయి. కొమ్మ వంగితే ముందు యజమానిని అడగాలి. వేరు వస్తే హద్దు వరకు మనమే కోసేయొచ్చు.

నేను అందరికీ చెప్పే కేసు మాత్రం లండన్‌ది. డెలావేర్ మాన్షన్స్ అనే ఫ్లాట్ల భవనం ముందు, ఫుట్‌పాత్ మీద, వెస్ట్‌మినిస్టర్ కౌన్సిల్‌కు, అంటే అక్కడి పురపాలక సంస్థకు చెందిన ఒక చెట్టు ఉండేది. 1989లో గోడలకు బీటలు కనిపించాయి. వేర్లే కారణమని ఇంజనీర్లు తేల్చారు, చెట్టు తీసేయమని కౌన్సిల్‌ను అడిగారు. కౌన్సిల్ తీయలేదు. చివరికి పునాదులను బలపరచడానికి సుమారు 5,70,000 పౌండ్లు ఖర్చయ్యాయి. చెట్టు తీసి ఉంటే 14,000 పౌండ్లతో పోయేది! 2001లో, అప్పట్లో బ్రిటన్ అత్యున్నత కోర్టు అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆ ఖర్చు కౌన్సిల్ భరించాలని తీర్పిచ్చింది. చెట్టు ఉండడం తప్పని అనలేదు. హాని జరుగుతోందని తెలిసి, సరిదిద్దుకోవడానికి తగిన సమయం దొరికి కూడా ఊరుకున్నందుకు బాధ్యత వచ్చింది. ముందుగా చెప్పకుండా నేరుగా రిపేరు బిల్లు తెచ్చి ఇస్తే సాధారణంగా కుదరదని కూడా ఆ తీర్పులో ఉంది.

చెప్పడం అంటే గోడ మీంచి కేకేసి చెప్పడం కాదండి. ఒక కేసులో నేను ఎవరి తరఫున వాదించానో ఆయన "మూడేళ్లుగా చెబుతూనే ఉన్నానండీ" అన్నారు. అది నిజమేనని నాకూ తెలుసు. ఎదుటివాళ్లు "మాకెప్పుడూ చెప్పలేదు" అన్నారు. మా దగ్గర ఒక్క కాగితం లేదు. ఆయన మొహం నాకు ఇప్పటికీ గుర్తే. బీట ఎక్కడుంది, ఎప్పుడు చూశారు, ఏం చేయమంటున్నారు అనేవి రాసి, ఫొటోలు జతచేసి, తేదీ వేసి, అందినట్టు రసీదు వచ్చేలా పంపండి. మర్యాదగానే రాయండి. అదే ఉత్తరం రేపు జడ్జిగారు కూడా చదువుతారు.

కోపంతో గొడ్డలి పట్టేవాళ్లకూ ఒక మాట. మనవైపు వేరు కోసే హక్కు చాలాచోట్ల ఉంది, కానీ దానికీ హద్దుంది. పక్క స్థలంలోకి అడుగుపెట్టకూడదు, వేరును చంపే మందు పోయకూడదు. కాలిఫోర్నియాలో ఒకాయన హద్దు వెంబడి మూడడుగుల లోతున పక్కింటి పైన్ చెట్టు వేర్లు కోయించాడు. చెట్టు నిలబడే బలం పోయి, దాన్ని కొట్టేయాల్సి వచ్చింది. నా స్థలంలో నా ఇష్టం అంటే కుదరదని, పక్కవారికి నష్టం కలగకుండా చూసుకోవాలని 1994లో అక్కడి అప్పీలు కోర్టు చెప్పింది. ఇంకో సంగతి, బంకమట్టి నేలలో ఇంటికంటే ముందునుంచీ ఉన్న పెద్ద చెట్టును ఒక్కసారిగా కొట్టేస్తే, అది తాగే నీరంతా మట్టిలోనే మిగిలి నేల ఉబ్బి పునాదిని పైకి నెట్టొచ్చు. నరికే ముందు చెట్ల గురించి, పునాదుల గురించి తెలిసినవాళ్లకు ఒకసారి చూపించండి.

నేను చెప్పాల్సింది ఇంతే. ఫొటోలు తెచ్చుకున్నవాళ్లు ముందు రండి, ఒక్కొక్కటీ చూద్దాం.