కాలిఫోర్నియా వదిలేయాలా? అక్కతో ఒక లెక్కల ముచ్చట

చెల్లె: అందరికీ నమస్కారం. నల్గొండ నుంచి మాట్లాడుతున్నాను. ఈసారి నాతో మా అక్క ఉంది. అక్కా వాళ్లు కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో ఉంటారు. పిల్లల సెలవులకి ఇంటికొచ్చారు. వచ్చినప్పటి నుంచి ఇంట్లో ఒకటే ముచ్చట: అక్కడే ఉండాలా, టెక్సాస్ పోవాలా అని. ఇక్కడ నల్గొండలో, అటు మహబూబ్‌నగర్‌లో పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు చాలా ఉన్నాయి. ఈ మాట ఫోన్‌లో వినని అమ్మానాన్నలు తక్కువ. అందుకే అక్కను కూర్చోబెట్టాను. అక్కా, ఖర్చు ఎక్కువ, ఖర్చు ఎక్కువ అంటారు కదా, దేనికి ఎక్కువ?

అక్క: ఇంటికి. మిగతావన్నీ దాని తర్వాతే. మాది కిరాయి ఇల్లు. మూడు బెడ్‌రూమ్‌లు, నెలకి నాలుగు వేల డాలర్లు దాటింది. కొందామంటే పిల్లల స్కూల్ దగ్గర పదిహేను లక్షల డాలర్లకి తక్కువ చెప్పరు. అదే డాలస్ పక్కన ఫ్రిస్కో దిక్కు పోతే ఆరేడు లక్షల్లో ఇంతకన్నా పెద్ద ఇల్లు వస్తుంది. అసలు తేడా ఇక్కడుంది. కానీ ఎవరిని కదిలించినా ముందు ట్యాక్స్ గురించే చెప్తారు.

చెల్లె: టెక్సాస్‌లో రాష్ట్రానికి కట్టే ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు కదా?

అక్క: లేదు. పెట్టకూడదని 2019లో వాళ్ల రాజ్యాంగంలోనే రాసుకున్నారు. కాలిఫోర్నియాలో పై శ్లాబ్ 13.3 శాతం. అది పది లక్షల డాలర్లు దాటిన ఆదాయానికి. మా లాంటి వాళ్లకి తగిలేది 9.3 శాతం శ్లాబ్. అది కూడా మొత్తం జీతం మీద కాదు. భార్యాభర్తలు కలిపి ఫైల్ చేస్తే సుమారు లక్షా నలభై వేలు దాటాక, ఆ పైన ఉన్నదానికే. నేను కాగితం మీద వేసి చూశాను. మినహాయింపులన్నీ పోగా రెండు లక్షల డాలర్లు మిగిలితే, దాని మీద కాలిఫోర్నియాకి కట్టేది పన్నెండు వేలలోపే. ఆరు శాతం కూడా కాదు.

చెల్లె: అయినా ఏడాదికి పన్నెండు వేల డాలర్లు అంటే చిన్న మాట కాదు.

అక్క: కాదు. కానీ టెక్సాస్‌లో ఇల్లు కొంటే ప్రాపర్టీ ట్యాక్స్ చూడు. ఊరిని బట్టి ఒకటిన్నర శాతం నుంచి రెండు దాటే దాకా ఉంటుంది. ఆరు లక్షల ఇంటికి 1.8 శాతం వేసుకున్నా పది వేల ఎనిమిది వందలు. ఇన్‌కమ్ ట్యాక్స్‌లో మిగిలింది దాదాపు అంతా అక్కడే పోయింది. ఇంటి ఇన్సూరెన్స్ కూడా తక్కువేం కాదు, అక్కడ వడగళ్లకి ఇళ్ల పైకప్పులే పాడవుతాయి. సేల్స్ ట్యాక్స్ చాలా ఊళ్లలో 8.25 శాతం, అదొక్కటి మాకన్నా తక్కువ. కంపెనీలు కూడా ఊరు మారితే జీతం తగ్గిస్తాయి, అన్నీ కాదు గానీ చాలా కంపెనీలు అంతే. అందుకే నేను అనేది, ట్యాక్స్ కోసం టెక్సాస్ పోతున్నాం అనేవాళ్లు ఒకసారి కూర్చుని లెక్క వేసుకోవాలి. సొంత ఇల్లు కోసం పోతున్నాం అంటే అది సరైన కారణం.

చెల్లె: మరి అక్కడ ఇప్పటికే ఇల్లు ఉన్నవాళ్ల సంగతి?

అక్క: వాళ్ల లెక్క వేరే. కాలిఫోర్నియాలో 1978లో ప్రపోజిషన్ 13 అని ఓటు వేసి తెచ్చుకున్నారు. ఇల్లు కొన్న ధర మీద ఒక శాతం పన్ను, దానికి స్థానిక పన్నులు కొంచెం కలుస్తాయి. ఆ లెక్కగట్టే విలువ ఏడాదికి రెండు శాతం కంటే పెరగకూడదు. మార్కెట్‌లో రెట్టింపైనా సరే. మా వీధిలోనే 2012లో కొన్నవాళ్లూ, నిరుడు కొన్నవాళ్లూ పక్కపక్కనే ఉంటారు, పన్నులో పొంతనే లేదు. పైగా 2021 మొదట్లో లోన్ తీసుకున్నవాళ్లకి మూడు శాతం లోపు వడ్డీ. 2023 అక్టోబర్‌లో అది ఎనిమిదికి దగ్గరైంది. అలాంటి వాళ్లు ఒకసారి అమ్మితే మళ్లీ ఆ ఊరికి, ఆ ఖర్చుతో రాలేరు. సొంతిల్లు ఉన్నవాళ్లు రెండుసార్లు ఆలోచించాలి. మా లాంటి కిరాయిదార్లకి ఆ బంధం లేదు.

చెల్లె: కంపెనీ ఇచ్చే షేర్లు ఉంటాయి కదా, రాష్ట్రం దాటితే వాటి మీద ట్యాక్స్ తప్పుతుందని మా ఫ్రెండ్ ఒకామె అంది.

అక్క: పూర్తిగా తప్పదు. షేర్లు ఇస్తామని చెప్పిన రోజు నుంచి మన చేతికి వచ్చే రోజు దాకా కాలిఫోర్నియాలో ఎన్ని రోజులు పనిచేశామో, అంత వాటా వాళ్లు అడుగుతారు. టెక్సాస్ పోయిన తర్వాత వచ్చినా సరే. ఇది తెలియక ఇబ్బంది పడేవాళ్లు ఉన్నారు, ముందే అకౌంటెంట్‌ని అడగాలి.

చెల్లె: ఇంత లెక్క వేశావు. మరి ఆగింది ఎక్కడ?

అక్క: వీసా దగ్గర. మీ బావది ఇంకా హెచ్‌-1బి, అంటే కంపెనీ పేరు మీద నడిచే ఉద్యోగం వీసా. అక్కడ శాశ్వతంగా ఉండనిచ్చే గ్రీన్ కార్డ్ లైన్‌లో ఉన్నాం, ఇండియా వాళ్లకి ఆ లైన్ ఎంత పొడుగో ఇక్కడ వినేవాళ్లందరికీ తెలుసు. హెచ్‌-1బి మీద ఉన్న మనిషికి ఉద్యోగం పోతే ఎక్కువలో ఎక్కువ 60 రోజులు. ఆలోపు ఇంకో కంపెనీ మన పేరు మీద వీసా పిటిషన్ వేయాలి, లేదంటే వేరే రకం వీసా స్టేటస్‌కి మారాలి, లేదంటే దేశం వదలాలి. నా పని పర్మిట్ కూడా ఆయన కాగితాల మీదే నిలబడింది. ఇద్దరి జీతం, పిల్లల స్కూలు, అన్నీ ఆ అరవై రోజుల మీద ఉంటాయి.

చెల్లె: అంటే ఎక్కువ కంపెనీలు ఉన్న చోట ఉండటమే మేలంటావు.

అక్క: అదే. ఫ్రీమాంట్‌లో ఉంటే శాన్ హోసే, సన్నీవేల్, మౌంటెన్ వ్యూ అన్నీ కారులో పోయి వచ్చే దూరం. మీ బావ చేసేది చిప్ డిజైన్ పని. ఆ పనికి అన్ని కంపెనీలు దగ్గర దగ్గరగా ఉన్న చోటు అదే. టెక్సాస్‌లో చూస్తే ఆస్టిన్‌లో కొన్ని ఉన్నాయి, డాలస్‌లో ఇంకా తక్కువ. 2022 చివర్లో, 2023లో లేఆఫ్‌లు వచ్చినప్పుడు మా చుట్టుపక్కల ఇళ్లలో ఎంత టెన్షన్ పడ్డారో చూశాను. అప్పుడు అర్థమైంది నాకు, మేము ఇంత కిరాయి కట్టేది ఇల్లు ఒక్కదానికే కాదు. ఉద్యోగం పోయినా ఆ అరవై రోజుల్లో ఇంకోటి దొరుకుతుందన్న ధైర్యానికి కూడా కడుతున్నాం. ఆన్‌లైన్‌లో దొరికే ఖర్చుల పట్టికల్లో ఇది ఎక్కడా ఉండదు. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకి దీనితో పని లేదు. అందుకే వాళ్ల సలహా మాకు, మా సలహా వాళ్లకి సరిపోదు.

చెల్లె: ఊరు మారితే కాగితాలు కూడా మళ్లీ మొదటి నుంచి చేయాలంటారు, నిజమేనా?

అక్క: కొంత నిజం. పనిచేసే చోటు ఆ మెట్రో ప్రాంతం దాటితే, మారకముందే కంపెనీ హెచ్‌-1బికి సవరణ వేయాలి. 2015 నుంచి ఇది స్పష్టంగా ఉంది. గ్రీన్ కార్డ్ కోసం కంపెనీ మొదట వేసే లేబర్ సర్టిఫికేషన్, అంటే ఆ పనికి అక్కడివాళ్లు దొరకలేదని చూపించే కాగితం కూడా ఒక ప్రాంతంలోని ఉద్యోగానికే వేస్తారు. ఊరు మారితే చాలాసార్లు అది మళ్లీ వేయాల్సి వస్తుంది. దాని తర్వాత కంపెనీ వేసే ఐ-140 అనే పిటిషన్ అప్రూవ్ అయి ఉంటే లైన్‌లో మన తేదీ మాత్రం పోదు. అదొక్కటి ఊరట.

చెల్లె: నాకు నాయన గుర్తొస్తున్నాడు అక్కా. మర్రిగూడ దిక్కు ఊరు విడిచి నల్గొండకి వచ్చినప్పుడు ఇట్లాంటి లెక్క ఏదీ వేసుకోలేదు. బావి నీళ్లలో ఫ్లోరైడ్. పిల్లల పండ్లు పచ్చబడుతున్నాయి, పెద్దవాళ్ల నడుములు వంగిపోతున్నాయి. పొలం కౌలుకిచ్చి వచ్చేశాడు. అటు పాలమూరులో అయితే కూలీల్ని పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుని బొంబాయి, పూణే పోయినవాళ్ల ఇళ్లు ఎన్నో. ముసలివాళ్లని, పిల్లల్ని ఊళ్లో వదిలి పోయారు. వాళ్లకి వదలాలా వద్దా అని ఆలోచించుకునే తీరికే లేదు.

అక్క: నిజం. మాకు ఆలోచించుకునే వీలు ఉందంటే అదే పెద్ద అదృష్టం. నాయనకి నేను ఈ విషయం చెప్తే ఆయన అడిగింది ట్యాక్స్ గురించి కాదు, ఇంటి గురించి కాదు. "పెద్దబిడ్డ ఏమంటుంది?" అన్నాడు.

చెల్లె: ఏమంటుంది?

అక్క: పోనంటుంది. మనం నల్గొండ అన్నట్టు అది కాలిఫోర్నియా అంటుంది. పుట్టింది అక్కడే, స్నేహితులందరూ అక్కడే. వచ్చే ఆగస్టులో నైన్త్‌కి పోతుంది. దాని మాట పక్కన పెట్టినా, కాలేజీ లెక్క ఉండనే ఉంది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో బయటి రాష్ట్రం పిల్లలకి మామూలు ఫీజు మీద ఏడాదికి 37 వేల డాలర్లకి పైగా అదనంగా పడుతుంది. టెక్సాస్ పోతే కాలిఫోర్నియా కాలేజీలు మాకు ఆ ధరకి వస్తాయి. అటు టెక్సాస్‌లో మంచి పద్ధతి ఒకటి ఉంది. అక్కడి హైస్కూల్‌లో క్లాసులో మొదటి పది శాతంలో ఉంటే రాష్ట్ర యూనివర్సిటీల్లో సీటు ఖాయం. 1997 నుంచి ఉన్న చట్టం. ఆస్టిన్‌లోని పెద్ద యూనివర్సిటీకి మాత్రం పది శాతం సరిపోదు, ఇంకా పైన ఉండాలి. కానీ మధ్యలో స్కూల్ మారిన పిల్లకి ఆ ర్యాంక్ రావడం కష్టం.

చెల్లె: అంటే పోతే ఇప్పుడే పోవాలి.

అక్క: పోతే నైన్త్‌కి ముందు, మరీ కాదంటే టెన్త్ మొదలయ్యేలోపు. అది దాటితే ట్వెల్త్ అయి కాలేజీలో చేరేదాకా ఆ మాట ఎత్తొద్దు. ఇల్లు ధర తగ్గుతుందా, వడ్డీ తగ్గుతుందా అని చూసేవాళ్లు చాలామంది. మా ఇంట్లో గడువు పెట్టింది బిడ్డ స్కూలు.

చెల్లె: అమ్మ అయితే వాపస్ ఇక్కడికే రమ్మంటుంది.

అక్క: అమ్మ అనకపోతే ఎవరంటారు! దాని గురించి ఇంకోరోజు మాట్లాడదాం. ఒక్కటి చెప్తాను. ఇక్కడికి రావాలంటే ఖర్చు తప్పించుకోవడానికి రాకూడదు. అమ్మానాయనల కోసం, మనకి ఇష్టమై రావాలి.

చెల్లె: మరి ఇప్పుడేం చేస్తున్నారు?

అక్క: వెళ్లగానే రెండు పనులు. మీ బావ వాళ్ల కంపెనీకి ఆస్టిన్‌లో ఆఫీసు ఉంది. అక్కడికి మారితే జీతం ఎంత, లేబర్ సర్టిఫికేషన్ మళ్లీ వేస్తారా, రెండూ ఈ-మెయిల్‌లో రాయించుకోవాలి. నోటిమాట వద్దు. వేస్తామని రాసిస్తే పెద్దబిడ్డని తీసుకుని ఆస్టిన్‌లో వారం ఉంటాం, ఎండాకాలంలోనే, అక్కడి వేడి ఎట్లా ఉంటుందో అది కూడా చూడాలి. రాసివ్వకపోతే ఫ్రీమాంట్‌లోనే ఉంటాం, రెండు బెడ్‌రూమ్‌ల ఇంటికి మారి ఆ మిగిలిన కిరాయి పిల్లల కాలేజీకి వేస్తాం.

చెల్లె: కంపెనీ ఏమందో తెలిశాక ఫోన్‌లో అయినా సరే, మళ్లీ రికార్డ్ చేద్దాం.

అక్క: చేద్దాం. అప్పుడు మీ బావని కూడా కూర్చోబెట్టు, ఆయన లెక్క నా లెక్కతో అన్నిట్లో కలవదు.