గోడౌన్‌లో జబ్బు ఎక్కడ అంటుకుంటుంది?

బీప్... బీప్... ఈ చప్పుడు మేడ్చల్ వైపో శంషాబాద్ వైపో గోడౌన్లలో పనిచేసేవాళ్లకు నిద్రలో కూడా వినపడుతుంది. మీరు ఫోన్‌లో ఆర్డర్ నొక్కగానే, సరుకు ఏ ర్యాక్‌లో ఉందో పికర్, అంటే సరుకు ఏరి తెచ్చే మనిషి, చేతిలోని స్కానర్ చూపిస్తుంది. ట్రాలీ తోసుకుంటూ వెళ్లి తీసుకురావాలి.

2020లో పార్శిళ్లను ఎండలో పెట్టాం, శానిటైజర్ కొట్టాం, గుర్తుందా? వాటిని ర్యాక్‌లోంచి తీసిన మనిషి ఎలా ఉన్నాడో మాత్రం అడగలేదు. ఆ అక్టోబర్‌లో అమెజాన్ తనే లెక్క చెప్పింది. మార్చి 1 నుంచి సెప్టెంబర్ 19 దాకా, అమెరికాలో తన హోల్ ఫుడ్స్ కిరాణా దుకాణాలతో కలిపి, 19,816 మంది సిబ్బందికి కరోనా వచ్చింది లేదా వచ్చినట్టు భావించారు. ఇది 13,72,000 మందిలో. వస్తువుల్ని ముట్టుకుంటే అంటుకునే ప్రమాదం చాలా తక్కువని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2021లో తేల్చింది. అంటే అసలు చూడాల్సింది మనుషులు పీల్చే గాలిని. ఫ్లూ అయినా, టీబీ అయినా అంతే.

మరి పికర్లు ఎక్కడ గుమిగూడతారు? బాగా అమ్ముడుపోయే సరుకు దగ్గర. నడక తగ్గుతుందని నూనె, సబ్బులు, డైపర్లు అన్నీ ప్యాకింగ్ టేబుల్ పక్క వరసల్లోనే పెడతారు. తెలివైన పనే. కానీ పదిమంది పికర్లకీ ఒకే టైమ్‌లో అదే వరసలో పని పడుతుంది. ట్రాలీలు ఎదురెదురుగా ఇరుక్కుంటాయి. "కొంచెం జరుగన్నా" అంటూ మొహంలో మొహం పెట్టి మాట్లాడాల్సిందే.

అదే సరుకును రెండు మూడు చోట్లకు విడగొడితే సగం రద్దీ పోతుంది. ఇంకో దారి, ఒక్కొక్కరికి ఒక భాగం అప్పగించడం. ఎవరి వరసల్లో వాళ్లు తీస్తారు, ఆర్డర్ డబ్బా మాత్రం చేతులు మారుతుంది. వరసలను వన్‌వే చేస్తే ఎదురుపడే బాధ తగ్గుతుంది. భోజనం బ్రేక్ అందరికీ ఒకేసారి ఇవ్వకూడదు, మాస్క్ తీసి ఎదురెదురుగా కూర్చునేది అప్పుడే కదా.

అయితే గంటకు ఇన్ని తీయాలన్న టార్గెట్‌ను తగ్గించకుండా నేల మీద బాణం గుర్తులు వేస్తే, అది పెయింట్ ఖర్చు. ఒక సబ్బు మర్చిపోయిన పికర్ దాని కోసం వరసంతా చుట్టి వస్తాడా? రాడు. నేనైనా రాను, వెనక్కే తిరుగుతాను.

ఇక జ్వరం సంగతి. నేను పనిచేసిన గోడౌన్‌లో పనికి రాకపోతే కూలి లేదు. నాతో పాటు ట్రాలీ తోసే కుర్రాడు రాత్రంతా వణికి, పొద్దున పారాసిటమాల్ వేసుకుని బస్సెక్కాడు. గేటు దగ్గర సెక్యూరిటీ అతని నుదుటికి థర్మామీటర్ పెట్టాడు. జ్వరం లేదని చూపించింది. "పో లోపలికి" అన్నాడు.